దీపము వెలిగినంతనే దోషము తెలిసినట్లా?



గత వేసవి సెలవులలో మా మేనమామగారి డీసెలు కారులో మేమందరము హోసూరునుండి కృష్ణగిరికి పోవుచుంటిమి. సగము దారిలో చక్రము ముందరి పలకపై ఇంజను ఆకారముగల పసుపుపచ్చని దీపము వెలిగెను. యాక్సిలరేటరు ఎంత త్రొక్కినను బండి మునుపటివలె పరుగెత్తలేదు. ఎట్లో మెల్లగా ఊరు చేరి ఒక వర్క్‌షాపునకు తీసికొనిపోగా, అచటి యువకుడొకడు స్కానరును తగిలించి, తెరపై కనిపించిన సంఖ్యను చూచి, “సైలెన్సరు గొట్టములోని టెంపరేచరు సెన్సారు పోయినది, మార్చవలెను” అనెను. మామగారు మారుమాటాడక క్రొత్తది వేయించిరి. దీపమారెను. అందరము సంతోషించితిమి.

నాలుగవనాడు గతుకుల బాటపై పోవుచుండగా ఆ దీపమే మరల వెలిగెను. ఈసారి మామగారు తమకు పరిచయముగల ఒక వృద్ధ మెకానికు వద్దకు బండిని తీసికొనిపోయిరి. ఆయన క్రొత్త సెన్సారు ప్లగ్గును ఊడదీసి స్కానరు వంక చూచెను; అందలి అంకె కదలలేదు. ఆయన నవ్వి, “అయ్యా, మాటలాడువానిని బయటికి పంపినను మాట వినిపించుచునే యున్నది. ఇక తప్పు వానిదెట్లగును?” అనెను. పిదప బండి క్రిందికి దూరి తీగవెంట వ్రేలు పోనిచ్చుచు పరిశీలింపగా, తీగను పట్టియుంచు క్లిప్పు విరిగి, అది జారి వేడి గొట్టముపై ఆని, పైతొడుగు కరగి, లోని రాగి గొట్టమునకు తగులుచుండెను. క్రొత్త తొడుగు, క్రొత్త క్లిప్పు వేసినంతనే రోగము కుదిరినది. మొదటి సెన్సారునకు ఏ దోషమును లేదు. దానికై వెచ్చించిన ధనము వ్యర్థమైనది.

దీపము అబద్ధమాడలేదు. దానిని చదివినవారు తొందరపడిరి. “దోషమున్నది” అని తెలియుట వేఱు, “దోషమెచట నున్నది” అని తెలియుట వేఱు. మొదటి దానినుండి రెండవదానికి పోవు మార్గమును ఈ వ్యాసమున వివరింతును. ఇందులకు కావలసిన శాస్త్రమంతయు మీ పదవ తరగతి భౌతికశాస్త్ర పుస్తకములోనే కలదు.

ఈ సాధనమెందుకు?

డీసెలు ఇంజనునుండి వెలువడు పొగలో సన్నని మసి కణములుండును. అవి ఊపిరితిత్తులకు హాని చేయును. భారత్ స్టేజ్ 6 అను నియమములు 2020 ఏప్రిల్ 1వ తేదీనుండి మన దేశమంతట అమలులోనికి వచ్చినవి. వాని మేరకు మసిని మిక్కిలి తగ్గింపవలసి యుండుటచే, అటుపిమ్మట వచ్చిన డీసెలు కార్లలో సాధారణముగా మసి వడపోత యొకటి అమర్చబడుచున్నది. దీనిని మెకానికులు డి.పి.ఎఫ్. అందురు. ఇది తేనెపట్టువలె సన్నని గదులుగల పింగాణివంటి దిమ్మె. పొగ గోడలగుండా దూరిపోవును. మసి లోపల నిలిచిపోవును.

కాఫీ వడపోతలో పిప్పి నిండినచో డికాక్షను దిగనట్లు, ఈ వడపోత నిండినచో పొగ బయటికి పోజాలదు, ఇంజను ఉక్కిరిబిక్కిరియగును. అందుచే బండి కంప్యూటరు అప్పుడప్పుడు కొంచె మదనపు డీసెలును చిమ్మి, పొగ వేడిమిని సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు పెంచి, చేరిన మసిని కాల్చివేయును. వేడిమి చాలనిచో మసి కాలదు. మితిమీరినచో వడపోత పగులును. ఇంత వేడిమిని చూచి చెప్పు కన్నొకటి కావలెను గదా! ఆ కన్నే పొగగొట్టములోని ఉష్ణోగ్రత సెన్సారు.

ఒక బండిలో ఇట్టివి రెండు మూడు, కొన్నిటిలో అంతకెక్కువయు నుండును. టర్బోకు ముందొకటి, వడపోతకు ముందొకటి, వెనుక నొకటి యుండుట పరిపాటి. వేడిమిని ఉన్నదానికంటె తక్కువగా చెప్పినచో కంప్యూటరు మరింత డీసెలును చిమ్మును. వడపోత చెడును, చిమ్మిన డీసెలులో కొంత ఇంజను ఆయిలులో కలిసి దానిని పలుచన చేయును. సెన్సారు వాక్కు నమ్మదగినది కాదని తోచినచో కంప్యూటరు సాధారణముగా మసి కాల్చుటయే మానివేయును. అప్పుడు వడపోత నిండిపోవును. సెన్సారు వెలకంటె వడపోత వెల ఎన్నో రెట్లు ఎక్కువ. కావుననే ఆ పసుపుపచ్చని దీపమును నెలల తరబడి ఉపేక్షింపరాదు.

లోహము వేడిమిని పలుకు విధము

లోహపు తీగ వేడెక్కినకొలది దానిలో విద్యుత్ప్రవాహమునకు కలుగు నిరోధము పెరుగును. ఈ గుణమును బట్టి ప్లాటినపు తీగతో ఉష్ణోగ్రతను కొలువవచ్చునని 1871లో విలియం సీమెన్స్ చెప్పెను. 1887లో హ్యూ కాలెండర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని నమ్మదగిన కొలమానముగా తీర్చిదిద్దెను. నేటి అనేక కార్ల పొగగొట్టములలో నున్నది ఆ ప్లాటినమే. అందు ఒక రకమునకు సున్న డిగ్రీలవద్ద 200 ఓముల నిరోధముండును. 25 డిగ్రీలవద్ద అది సుమారు 219 ఓములు. 600 డిగ్రీలవద్ద సుమారు 616 ఓములు. చల్లనివేళ డిగ్రీ యొక్కింటికి పెరుగుదల ముప్పాతిక ఓము మాత్రమే. ఈ స్వల్పమైన లెక్కను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీని అవసరము కలుగును.

రెండవ రకము థర్మిస్టరు. పొగగొట్టములలో వాడు థర్మిస్టరుల నడత ప్లాటినమునకు విపరీతము; వేడి హెచ్చినకొలది నిరోధము తగ్గును. మూడవది థర్మోకపుల్. రెండు భిన్నలోహముల కొనలను కలిపి వేడిచేసినచో విద్యుత్తు పుట్టునని 1821లో సీబెక్ కనుగొనిన తత్త్వముపై ఇది ఆధారపడినది. దీనిలో పుట్టు వోల్టేజి మిక్కిలి కొలదిగా నుండుటచే, దానిని చదువుటకు ప్రత్యేక ఎలక్ట్రానిక్ భాగము కావలెను. ఈ మూడింటిలో మన బండిలోని దేదో తెలియక పరీక్షకు పూనుకొనుట, రోగి వయస్సడుగక మందిచ్చుట వంటిది. బండి సర్వీసు పుస్తకమును చూచి ముందుగా ఈ సంగతి తెలిసికొనవలెను.

కంప్యూటరు వినుట ఎట్లు?

ప్లాటినము, థర్మిస్టరు రకములలో కంప్యూటరు 5 వోల్టుల విద్యుత్తును తనలోని ఒక స్థిరమైన నిరోధముద్వారా సెన్సారునకు పంపి, సెన్సారుపై ఎన్ని వోల్టులు నిలిచినవో చూచుకొనును. ఉదాహరణమునకు ఆ స్థిరనిరోధము 1000 ఓములనుకొందము. సెన్సారు 219 ఓములున్నప్పుడు మొత్తము 1219 ఓములు. ఓము నియమము ననుసరించి సెన్సారు వాటాకు వచ్చు వోల్టేజి 5ను 219తో హెచ్చించి 1219తో భాగించగా సుమారు 0.9 వోల్టు. అదే 616 ఓములైనచో సుమారు 1.9 వోల్టు. ఈ రెండంకెలనుండియే కంప్యూటరు “ఇది చల్లనివేళ, ఇది మసి కాలువేళ” అని తెలిసికొనుచున్నది.

ఇప్పుడు తీగ తెగినదనుకొనుడు. ప్రవాహము సాగదు, 5 వోల్టులును అట్లే నిలిచియుండును. ప్లాటినపు సెన్సారు బండిలో అది అత్యుష్ణమువలె కనిపించును. థర్మిస్టరు బండిలో నదే అతిశీతలమువలె కనిపించును. ఇక తీగ తొడుగు చినిగి బండి లోహశరీరమునకు తగిలినచో వోల్టేజి సున్నకు పడిపోవును. అప్పుడు ప్లాటినపు బండి అతిశీతలమనియు, థర్మిస్టరు బండి అత్యుష్ణమనియు భ్రమించును. మామగారి బండికి జరిగినది ఈ రెండవ విధమైన ప్రమాదమే.

స్కానరు చూపు సంఖ్యల అర్థమును కూడ ఇచటనే గ్రహింపవచ్చును. పి 0544 అనగా మొదటి పొగ ఉష్ణోగ్రత సెన్సారు వలయములో దోషమనియు, పి 0545 అనగా ఆ వలయములో వోల్టేజి మితికంటె తక్కువయనియు, పి 0546 అనగా మితికంటె ఎక్కువయనియు అర్థము. రెండవ సెన్సారునకు ఇట్లే పి 2031, పి 2032, పి 2033 కలవు. ఇందు రెండు విషయములు గమనింపదగినవి. “ఎక్కువ”, “తక్కువ” అనునవి వోల్టేజికి చెందిన మాటలు. వేడిమికి చెందినవి కావు. మఱియు ఆ సంఖ్య వలయమును చూపుచున్నది. సెన్సారు నొక్కదానినే చూపుట లేదు. వలయమనగా సెన్సారు, ప్లగ్గు, తీగ, కంప్యూటరు అన్నియు కలిసినది. “ఈ వీధిలో దొంగ యున్నాడు” అని చెప్పినంత మాత్రమున మొదటి ఇంటివానిని బంధింపవచ్చునా?

పరీక్షించు క్రమము

మొదటి పరీక్షకు రెంచి పానాల పని లేదు. రాత్రియంతయు నిలిపియుంచిన బండికి తెల్లవారుజామున, ఇంజనును నడుపక తాళపుచెవి మాత్రము త్రిప్పి, స్కానరులో ఉష్ణోగ్రతలను చూడవలెను. ఇంజను నీటి వేడిమి, లోనికి పీల్చు గాలి వేడిమి, పొగగొట్టములోని వేడిమి అన్నియు అప్పుడు వాతావరణముతో ఇంచుమించు సమానముగా నుండవలెను. తక్కినవన్నియు 24, 25 డిగ్రీలు చూపుచుండగా ఒకటి మాత్రము 75 చూపినచో దాని వలయమునే అనుమానింపవలెను. కొన్ని బండ్లలో కంప్యూటరు దోషమును గుర్తించిన పిమ్మట తాను కల్పించిన అంకెనే చూపును. కావున అనుమానము గలిగినచో మల్టీమీటరుతో వోల్టేజిని నేరుగా కొలుచుకొనుట మేలు.

రెండవది కంటి పరీక్ష. సెన్సారునుండి బయలుదేరి తీగ పోయినంత దూరము చూపును పోనిండు. తొడుగు కరగినదా? ఎలుకలు కొరికినవా? ప్లగ్గులో పచ్చని చిలుము పట్టినదా? వర్షపు నీరు చేరినదా? చిలుమును తేలికగా తీసివేయరాదు. అది 38 ఓముల అదనపు నిరోధమును కలిగించినచో, ముప్పాతిక ఓమునకొక డిగ్రీ చొప్పున, ప్లాటినపు బండిలో 50 డిగ్రీల అబద్ధము పుట్టును. పైన చెప్పిన 75 డిగ్రీల వింతకు అదియే కారణము కావచ్చును. గొట్టపు అతుకులవద్ద మసి మరకలున్నచో పొగ కారుచున్నదని గుర్తు. ఆ కారు వేడిమియే ప్రక్క తీగలను కరగించి యుండవచ్చును.

మూడవది ప్లగ్గు పరీక్ష. వృద్ధ మెకానికు చేసినదిదియే. సెన్సారు ప్లగ్గును ఊడదీసినప్పుడు ప్లాటినపు బండిలో అంకె ఒక్కసారిగా మిక్కిలి పైకి పోవలెను. పిదప తీగవైపు ప్లగ్గులోని రెండు కొనలను చిన్న తీగముక్కతో కలిపినచో మిక్కిలి క్రిందికి దిగవలెను. థర్మిస్టరు బండిలో ఇది తలక్రిందులుగా జరుగును. అంకె ఈ విధముగా రెండు కొనలకును పరుగెత్తినచో తీగయు కంప్యూటరును బాగున్నవి. దోషము సెన్సారుదే కావచ్చును. అంకె కదలనిచో తీగను వెదకవలెను. సర్వీసు పుస్తకము అనుమతించినప్పుడు మాత్రమే కొనలను కలుపవలెను. థర్మోకపుల్ రకమునకును, తనలోనే ఎలక్ట్రానిక్ భాగముగల సెన్సారునకును ఈ పరీక్ష పనికిరాదు. చేసినచో క్రొత్త నష్టము కలుగును.

నాలుగవది నిరోధపు కొలత. ప్లగ్గు ఊడదీసి, చల్లని సెన్సారు రెండు కొనలకు మల్టీమీటరు తగిలించి, వచ్చిన ఓములను సర్వీసు పుస్తకములోని పట్టికతో పోల్చవలెను. నిరోధము అంతులేనిదిగా కనిపించినచో లోని తీగ తెగినది. ఒకవేళ సెన్సారును విప్పి తీసియుండి, దాని కొన పూర్తిగా మూసిన రకమైనచో, మరుగునీటిలో కొనను మాత్రము ముంచి చూడవచ్చును. ఇచట నొక చిన్న చమత్కారము కలదు. హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఎత్తు పెరిగినకొలది, 300 మీటర్లకు సుమారొక డిగ్రీ చొప్పున, నీరు తక్కువ వేడికే మరగును. కావున ఇచట మరుగునీరు 100 కాక సుమారు 97 డిగ్రీలుండును. 200 ఓముల ప్లాటినపు సెన్సారు అప్పుడు 273 ఓములకు దగ్గరగా చూపవలెను. భూగోళము, భౌతికశాస్త్రము ఒకే గిన్నెలో కలిసినవి చూచితిరా!

ఐదవది నడుచుచున్నప్పటి పరీక్ష. ఇంజనును నడిపినప్పుడు అంకె క్రమముగా పెరుగవలెను, బండి ఎత్తు ఎక్కునప్పుడు హెచ్చవలెను, దిగునప్పుడు తగ్గవలెను. ఎంతసేపు నడిపినను మారనిదియు, గతుకు తగిలినప్పుడెల్ల గంతులు వేయునదియు నమ్మదగినవి కావు. గంతులు వేయుచున్నచో నిలిపిన బండిలో తీగను మెల్లగా కదలించుచు వేఱొకరిని అంకెను చూడుమనవలెను. ఏ చోట కదలించినప్పుడు అంకె గంతు వేయునో అచటనే తెగుదల యున్నది.

సెన్సారు సత్యము పలుకునప్పుడు

ఇన్ని పరీక్షలు చేసినను సెన్సారునందుగాని తీగయందుగాని దోషము కనిపింపక, వేడిమి అధికమని మాత్రము చూపుచున్నచో ఏమనుకొనవలెను? అది నిజమే చెప్పుచున్నదని అనుకొనవలెను. గాలి వడపోత మూసికొనిపోవుట, టర్బోనుండి ఇంజనునకు పోవు గాలి గొట్టము చినుగుట, డీసెలు చిమ్ము ఇంజక్టరు కారుట, మసి వడపోత నిండుట — వీనిలో ఏది జరిగినను పొగ వేడిమి హెచ్చవచ్చును. అట్టి సమయమున సెన్సారును మార్చి దీపమును ఆర్పుట, జ్వరమును చూపిన థర్మామీటరును పారవేసి క్రొత్తది కొనుట వంటిది. జ్వరము తగ్గదు. స్కానరులోని సంఖ్యను తుడిచివేసి కారణమును వెదకకుండుటయు నిట్టిదే. లోపల టర్బో కాలుచునే యుండును.

కొన్ని జాగ్రత్తలు

బండి క్రిందికి పోవుటకు ముందు పొగగొట్టము పూర్తిగా చల్లారవలెను. బండిని జాకీపై మాత్రమే నిలిపి క్రిందికి దూరరాదు. ఈ పనులను పిల్లలు ఒంటరిగా చేయరాదు. పెద్దల ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొనవలెను. పాత సెన్సారు వేడికి పట్టుకొనిపోయి యుండును. దానిని బలముతో త్రిప్పినచో మరలు చెడును. చొచ్చుకొనిపోవు నూనె వేసి కొంతసేపు ఆగవలెను. క్రొత్తదానిని బిగించునప్పుడు తీగ మెలిక పడరాదు. సర్వీసు పుస్తకము చెప్పిన బిగువునకు మించరాదు. తీగను వేడి గొట్టమునకు దూరముగా క్లిప్పులతో తప్పక కట్టవలెను. చిన్న క్లిప్పొకటి లేకపోవుటయే మామగారికి ఇంత వ్యయమును తెచ్చిపెట్టినది.

మన ప్రాంతమున రైతులు రాగి, ఉలవ పైరులను నూర్పిడికై బాటలపై పరచుట మీరెరిగినదే. పరచిన గడ్డి బండి అడుగున చుట్టుకొని వేడి గొట్టమునకు తగిలినచో నిప్పంటుకొనును. మసి కాలు సమయమున ఈ ప్రమాదము మరింత ఎక్కువ. సెన్సారు ఎంత చక్కగా నున్నను ఈ గడ్డిని అది చూడజాలదు. ఎండుగడ్డిపై బండిని నిలుపరాదు. పరచిన పైరుమీదుగా పోవలసి వచ్చినచో, దాటిన పిమ్మట దిగి అడుగు భాగమును చూచుకొనవలెను.

మన చుట్టుప్రక్కల మోటారు వాహనముల కర్మాగారములు కలవు. మీలో కొందరు రేపు అచట పనిచేయుదురు. కొందరు సొంత వర్క్‌షాపులు పెట్టుదురు. ఆనాడు మీ చేతిలోని స్కానరు నేటికంటె గొప్పదై యుండవచ్చును. అయినను అది అనుమానమును మాత్రమే చూపును. తీర్పు చెప్పవలసినవారు మీరే. ఆ వృద్ధ మెకానికు ప్లగ్గు నూడదీసి అంకెను చూచుటకు పట్టిన కాలము ఒక నిమిషముకంటె ఎక్కువ కాదు. ఆ నిమిషము మొదటి దినముననే ఎవరైనను వెచ్చించియున్నచో మా మామగారి ధనము మిగిలియుండెడిది. నిర్దోషియైన ఆ పాత సెన్సారు చెత్తబుట్ట పాలు కాకుండెడిది.